రిఫరెన్స్ కౌంట్ లీక్ వెతికే ముందు జాగ్రత్తలు

తిరుపతిలో మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చిన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ రాస్తున్నాను. ఒక నెట్‌వర్క్ డివైస్‌ని ఎంతమంది వాడుతున్నారో కెర్నల్ (లినక్స్ అసలు గుండెకాయ) పెట్టుకునే లెక్కే రిఫరెన్స్ కౌంట్. వాడకం అయిపోయినా అది తగ్గకపోతే లీక్. లినక్స్ లాగ్‌లో ‘అన్‌రిజిస్టర్ నెట్‌డివైస్: వెయిటింగ్ ఫర్ ఎల్ఓ టు బికమ్ ఫ్రీ, యూసేజ్ కౌంట్ 2’ అని మామూలుగా 10 సెకన్లకోసారి వస్తుంటే, ఎవరో డెవ్ హోల్డ్ (కౌంట్ పెంచే ఫంక్షన్) చేసి డెవ్ పుట్ (కౌంట్ తగ్గించే ఫంక్షన్) మరిచారన్నమాట. ఎల్ఓ అంటే కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్ డివైస్.

• సొంత ల్యాప్‌టాప్‌లో వద్దు, వర్చువల్ మెషీన్‌లోనే చేయండి.

• రీబూట్ కంటే ముందు లాగ్ దాచుకోండి.

• కెర్నల్ 5.17 లేదా ఆపైది అయితే నెట్‌డివైస్ రిఫరెన్స్ ట్రాకర్ ఆన్ చేసి బిల్డ్ చేయండి. ఎవరు, ఏ దారిలో పట్టుకున్నారో అదే చూపిస్తుంది. నాకు ఇంతకు మించిన సాయం దొరకలేదు.

• లాగ్‌లో ఒకసారి కనిపించి ఆగిపోతే అది లీక్ కాకపోవచ్చు. కాసేపు ఓపిక పట్టండి.

• టెన్షన్‌లో ఎక్కడో ఒకచోట డెవ్ పుట్ అదనంగా పెట్టేయకండి! అలిపిరి లగేజీ కౌంటర్లో ఒకరి టోకెన్‌తో ఇంకొకరి బ్యాగు ఇచ్చేసినట్టే. మెసేజ్ ఆగుతుంది, కానీ ఇంకా వాడుతున్న మెమరీ ఫ్రీ అయిపోయి, ఎప్పుడో సంబంధం లేని చోట కెర్నల్ కూలుతుంది. ముందు ఎర్రర్ దారులు (ఏదైనా ఫెయిలైతే నడిచే కోడ్) చదవండి. మధ్యలో ‘గోటూ’ (కోడ్‌లో ఇంకోచోటికి దూకించే ఆదేశం) ఏ లేబుల్‌కి దూకుతోందో వేలు పెట్టి చూడండి. నాకు ఎక్కువగా అక్కడే దొరికింది.