డిగ్రీ చదువుతూనే అప్రెంటిస్‌షిప్: గోదావరి జిల్లాల విద్యార్థులు ముందే చూసుకోవాల్సినవి

కాలేజీ వదిలాక సాయంత్రం పూట ఎరువుల కొట్లోనో మెడికల్ షాపులోనో పనిచేస్తే నాలుగు డబ్బులు వస్తాయి గానీ మార్కుల జాబితాలో ఒక్క క్రెడిట్ కూడా చేరదు. డిగ్రీలో భాగంగా చేసే అప్రెంటిస్‌షిప్ అలా ఉండదు. పనిచేసిన గంటలు చదువు కిందే జమ అవుతాయి, చేతికి స్టైపెండ్ వస్తుంది, పోర్టల్‌లో ఒప్పందం ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మీరు చేసేది తక్కువ కూలికి పని. అందుకే ఈ సంగతులన్నీ కాలేజీలో చేరకముందే తేల్చుకోవాలి. రెండో ఏడాది మధ్యలో తెలిస్తే అప్పటికి కోర్సు మారడం కుదరదు.

ఏ కోర్సులు

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2025లో అప్రెంటిస్‌షిప్ ఎంబెడెడ్ డిగ్రీ ప్రోగ్రామ్‌కి మార్గదర్శకాలు ఇచ్చింది. పొట్టిగా ఏఈడీపీ అంటారు. మూడేళ్ల డిగ్రీలో కనీసం ఒక సెమిస్టరు, ఎక్కువలో ఎక్కువ మూడు సెమిస్టర్లు పని స్థలంలో గడుస్తాయి. నాలుగేళ్ల డిగ్రీ అయితే రెండు నుంచి నాలుగు. ఏడాది అప్రెంటిస్‌షిప్‌కి కనీసం 40 క్రెడిట్లు, అంటే సెమిస్టరుకి 20. క్రెడిట్‌కి 30 గంటల లెక్కన 600 గంటలు. రోజుకి 8 గంటల చొప్పున 75 పనిదినాలు. ఈ 75 గుర్తుపెట్టుకోండి, పనిలో చేరే తేదీ పెట్టుకునేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

డిగ్రీ కాలేజీల్లో మామూలుగా ఉండే సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కీ దీనికీ తేడా ఉంది. ఇంటర్న్‌షిప్‌లో డబ్బు ఇవ్వాలన్న నియమం లేదు, చట్టబద్ధమైన ఒప్పందమూ ఉండదు. "మా దగ్గరా ఇంటర్న్‌షిప్ ఉందండీ" అని కాలేజీ వాళ్లు చెబితే, అది నాట్స్ (కేంద్రం నడిపే జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో నమోదయ్యే అప్రెంటిస్‌షిప్పేనా అని మళ్లీ అడగండి.

డిగ్రీ గానీ డిప్లొమా గానీ అయిపోయినవాళ్లకి నాట్స్ కింద ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంది. పాసై ఐదేళ్లు దాటకూడదు. దాంతోపాటు చదువు సాగాలంటే దూరవిద్యే నయం. ఇగ్నోలో జనవరి, జూలై ప్రవేశాలు ఉంటాయి, పరీక్షలు జూన్, డిసెంబర్‌లలో. ఆ రెండు నెలల్లో సెలవు ఇస్తారా అన్నది చేరేటప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి.

కాలేజీలో అడగాల్సినవి

కాలేజీకీ కంపెనీకీ మధ్య ఎంఓయూ (అవగాహన ఒప్పందం) సంతకమైందా, ఇంకా మాటల్లోనే ఉందా? పోయిన బ్యాచ్ వాళ్లు ఏ ఊళ్లో, ఏ విభాగంలో పనిచేశారు? అప్రెంటిస్‌షిప్ సెమిస్టర్లో థియరీ పేపర్లు ఉంటే క్లాసులు ఆన్‌లైన్‌లోనా, ఆదివారాలా? మూడోపక్షంగా కాలేజీ కూడా సంతకం పెట్టే త్రైపాక్షిక ఒప్పందం ఉంటుందా?

ఇక హాజరు. దీనికి ఎక్కువ సమయం పెట్టండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి 75 శాతం హాజరు కావాలి. మీరు ఆరు నెలలు ప్లాంటులో ఉంటే కాలేజీ యంత్రంలో వేలిముద్ర పడదు. కంపెనీ హాజరును నెలనెలా ఎవరు తెచ్చి ఎవరు ఎక్కిస్తారో ఆ అధ్యాపకుడి పేరుతో సహా తెలుసుకోండి. "తర్వాత చూద్దాంలే" అన్న జవాబు వచ్చిందంటే, ఫీజు మీ నెత్తిన పడే ప్రమాదం ఉందని అర్థం.

మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది

30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ తన మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్నచోట అది వాళ్ల ఇష్టం. ఈ లెక్క తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, మేత ఫ్యాక్టరీలు, కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలు, పోర్టు పనులు, రాజమండ్రిలో ఓఎన్‌జీసీ, పేపరు మిల్లు ఈ పరిధిలోకి వస్తాయి. ఓఎన్‌జీసీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థలు ప్రకటన ఇచ్చి తీసుకుంటాయి కాబట్టి గేటు దగ్గరికి వెళ్లి అడిగితే లాభం లేదు. చిన్న రైస్ మిల్లులు, కొబ్బరి పీచు యూనిట్లు చాలావరకు ఐచ్ఛికం కిందికే వస్తాయి. అక్కడ యజమానిని ఒప్పించాలంటే, కనీస స్టైపెండ్‌లో సగం నాట్స్ కింద కేంద్రం భరిస్తుందన్న మాట ముందు చెప్పండి. చాలామంది మిల్లర్లకి ఈ సంగతి తెలియదు.

మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, ఆక్వాకల్చర్ చదివేవాళ్లు ల్యాబ్ పనే అడగాలి. యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష, నీటిలో ఉప్పు శాతం, అమ్మోనియా పరీక్షలు నేర్చుకుంటే డెల్టాలో ఎక్కడైనా పని దొరుకుతుంది. ల్యాబ్ అని చెప్పి రొయ్యలను సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగ్ బల్ల దగ్గర నిలబెట్టే ప్లాంట్లూ ఉన్నాయి. అందుకే ఒప్పందంలో విభాగం పేరు రాయించుకోండి.

కాగితాలు

డబ్బు ఆగిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకులో ఇంటిపేరు చివరికి వెళుతుంది. పోర్టల్ ఈ మూడింటినీ ఒకే మనిషిగా గుర్తించదు. మెమోలో ఎలా ఉందో అలాగే ఆధార్ మార్పించి, తర్వాత బ్యాంకు ఖాతా సరిచేయించుకోండి. ఈ వరస తప్పితే రెండుసార్లు తిరగాలి.

కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో పడుతుంది. అది ఆధార్‌తో అనుసంధానమైన ఖాతా అయి ఉండాలి. పాస్‌బుక్‌లో ఆధార్ నంబరు ఉన్నంత మాత్రాన సరిపోదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర మీ ఆధార్ ఏ బ్యాంకుకి ముడిపడి ఉందో (దీన్నే మ్యాపింగ్ అంటారు), డబ్బు ఆ ఖాతాకే పోతుంది. పాత స్కాలర్‌షిప్ ఖాతాకి మ్యాపింగ్ ఉండిపోయి అది మూతపడి ఉంటే చెల్లింపు వెనక్కి వెళ్తుంది. బ్యాంకులో అడిగి చూపించమనండి. మీ క్రెడిట్లు ఆన్‌లైన్‌లో జమయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ కూడా ముందే తెరుచుకోండి, డిజిలాకర్‌లో అయిపోతుంది.

ఒప్పందం చదవడం

పోర్టల్‌లో ఒప్పందం నంబరు రాకముందు పనిలోకి దిగవద్దు. గాయమైతే పరిహారం యజమాని ఇవ్వాలని చట్టం చెబుతోంది, కానీ మీరు అప్రెంటిస్ అని చూపించే కాగితం ఆ ఒప్పందమే. అప్రెంటిస్‌కి పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు.

శిక్షణ తర్వాత అదే సంస్థలో పనిచేయాలన్న షరతు ఉందేమో వెతకండి. ఆ షరతు ఉంటే అప్రెంటిస్‌ల చట్టం 22వ సెక్షన్ ప్రకారం మీరూ సంస్థా ఇద్దరూ కట్టుబడాలి. పీజీకి వెళ్లాలనుకునేవాళ్లు దాన్ని తీసేయించుకున్నాకే సంతకం చేయాలి. ఆ షరతు లేకపోతే ఉద్యోగం ఇస్తామన్న హామీ కూడా లేనట్టే.

రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య శిక్షణకి అప్రెంటిస్‌షిప్ సలహాదారు (ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి) ముందస్తు అనుమతి కావాలి. ప్రాసెసింగ్ ప్లాంట్లలో రాత్రి షిఫ్టులు మామూలు కాబట్టి ఈ మాట ముందే ఎత్తండి. సీటు ఇప్పిస్తామని డబ్బు అడిగే కన్సల్టెన్సీలకి రూపాయి ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఎవరి చేతికీ ఇవ్వకండి, చూపించి వెనక్కి తెచ్చుకోండి.

డబ్బు, ప్రయాణం

2019 అప్రెంటిస్‌షిప్ నిబంధనల ప్రకారం నెలకి కనీస స్టైపెండ్ డిగ్రీ అప్రెంటిస్‌కి 9,000, డిప్లొమాకి 8,000 రూపాయలు. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 36 శాతం పెంచమని సిఫారసు చేసింది. సంతకం పెట్టే రోజున అమల్లో ఉన్న మొత్తం ఎంతో పోర్టల్‌లో చూసుకోండి. మొదటి నెల డబ్బు ఆలస్యమవుతుందనుకుని, రెండు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని దిగడం మంచిది.

స్టూడెంట్ బస్‌పాస్ ఇంటికీ కాలేజీకీ మధ్యే చెల్లుతుంది, ఫ్యాక్టరీ దారికి పనికిరాదు. ఆడపిల్లలకి 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కాబట్టి ఆ ఇబ్బంది లేదు. అమలాపురం నుంచి యానాం మీదుగా కాకినాడకి రోజూ వెళ్లి రావచ్చని అనుకుంటారు. మొదటి వారం బాగానే ఉంటుంది, తర్వాత చదువుకునే గంటలన్నీ బస్సులోనే పోతాయి. ఒకవైపు ప్రయాణం గంట దాటితే గది తీసుకోవడమే మేలు. లంక గ్రామాలవాళ్లయితే జూలై, ఆగస్టు వరదలకి రాకపోకలు ఆగుతాయి కాబట్టి, ఆ సెమిస్టర్ పని స్థలం ఏరు దాటకుండా వెళ్లగలిగే చోట ఉండేలా అడగండి.

పంటా పరీక్షలూ ఒకేసారి వచ్చే నెలలు

డెల్టాలో సార్వా (ఖరీఫ్ వరి) కోతలు నవంబర్, డిసెంబర్‌లలో, దాళ్వా (రబీ వరి) కోతలు ఏప్రిల్ ప్రాంతంలో. సెమిస్టర్ పరీక్షలు కూడా సరిగ్గా అప్పుడే పడతాయి. ధాన్యం దిగే రోజుల్లో రైస్ మిల్లు మేనేజరు సెలవు ఇవ్వడు. అలాగని అతన్ని తప్పుపట్టలేం, లారీలు వరసలో నిలబడి ఉంటాయి. కాబట్టి పరీక్షల టైమ్‌టేబుల్ రాకముందే, ఒప్పందంతోపాటు ఒక లేఖ పెట్టించండి: పరీక్ష రోజు, దాని ముందురోజు సెలవు, ఆ గంటలు తర్వాతి వారాల్లో పూడ్చడం. మిల్లు సీజన్ మొదలవ్వకముందే 75 రోజుల్లో ఎక్కువ భాగం పూర్తయ్యేలా చేరే తేదీ పెట్టుకుంటే ఇంకా మంచిది.

రోజూ చేసిన పని రాసుకునే లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయండి. తేదీ, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, చేసిన పని రెండు వాక్యాల్లో, కింద సూపర్‌వైజర్ సంతకం. "పని చేశాను" అని రాస్తే వైవాలో నిలవదు. "ఆరు చెరువుల నీటి నమూనాలకి పీహెచ్, అమ్మోనియా చూశాను, రెండింటిలో అమ్మోనియా ఎక్కువ" అని రాస్తే నిలుస్తుంది. సంతకాలు నెలాఖరుకి ఒకేసారి పెట్టించుకుందామంటే ఆ లోపు సూపర్‌వైజర్ మారిపోవచ్చు. ప్రతి శనివారం పేజీలకి ఫోటో తీసి పెట్టుకోండి.

స్టైపెండ్ ఆగితే ముందు కంపెనీ హెచ్‌ఆర్‌కి మెయిల్, తర్వాత కాలేజీ సమన్వయకర్తకి, అప్పటికీ కదలకపోతే చెన్నైలోని దక్షిణ ప్రాంత బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్‌కి. నోటిమాటగా అడిగినవాటికి ఆధారం ఉండదు, అందుకే మొదటి నుంచీ మెయిల్. నాట్స్‌లో ఏడాది పూర్తిచేసినవాళ్లకి ప్రావీణ్య ధ్రువపత్రం వస్తుంది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలో దాన్ని అనుభవం కింద నమోదు చేయించుకోవచ్చు. ఆ పత్రంలో పేరు, విభాగం, తేదీలు ఒప్పందంతో సరిపోయాయో లేదో అందిన రోజే చూసుకోండి.