చెవులు వినిపించని కుక్కను వైబ్రేషన్ కాలర్‌తో పిలవడం ఎలా?

వంటింట్లో కుక్కర్ విజిల్ వేసినా చెవి కదపకుండా పడుకునే డాల్మేషన్‌ని చూసి మొండిదనుకుంటాం. ఆ జాతిలో పుట్టు చెవుడు మామూలే. అలాంటిదాన్ని పార్కులో గొంతు చించుకుని పిలిచి లాభం లేదు. మన చేతిలోని రిమోట్ నొక్కితే సైలెంట్‌లో పెట్టిన ఫోన్‌లా మెడ దగ్గర అదిరే కాలర్ అక్కడ పనికొస్తుంది.

కరెంట్ షాక్ ఇచ్చే బటన్ అసలు లేనిదే కొనండి. అదురూ షాకూ రెండూ ఉన్న రిమోట్‌లో ఏదో ఒక రోజు తప్పు బటన్ నొక్కేస్తాం. బ్రిటన్‌లోని వేల్స్‌లో కుక్కలకు షాక్ కాలర్ వాడటాన్ని 2010లోనే నిషేధించారు. తెచ్చాక ముందు మీ అరచేతిలో పెట్టుకుని అన్నిటికంటే తక్కువ స్థాయిలో నొక్కి చూడండి.

మొదటి మూడు నాలుగు రోజులు స్విచ్ ఆఫ్‌లోనే ఉంచి, అన్నం పెట్టే ముందు కట్టి, తిన్నాక తీసేయండి. కాలర్ కింద రెండు వేళ్లు దూరాలి.

ఇక అసలు పాఠం. ఇంట్లోనే, ఒక్క సెకను అదిరించండి. ఆ వెంటనే ముక్కు ముందు శనగగింజంత ఉడికించిన చికెన్ ముక్క. ఈ వరుస తప్పకూడదు. బటన్ నొక్కకముందే మీ చెయ్యి జేబులోకి వెళ్లిందా, కుక్క ఆ చేతినే చూస్తుంది, అదురును పట్టించుకోదు. నేను వారం రోజులు చేసిన తప్పు ఇదే! పూటకు పదిసార్లు చాలు.

తర్వాత అది వేరే వైపు చూస్తున్నప్పుడు నొక్కండి. తల తిప్పితే బొటనవేలు పైకెత్తి చూపి, ముక్క ఇవ్వండి. అదిరితే "నావైపు చూడు" అనే అర్థం. "రా" అనేది చేత్తోనే చెప్పాలి. ఇంట్లో కుదిరాక డాబా మీద, ఆ తర్వాత పది మీటర్ల తాడు కట్టి ఖాళీ మైదానంలో.

చెప్పులు కొరికిందని కోపంతో ఒక్కసారి నొక్కినా నేర్పినదంతా పాడవుతుంది. ఇంట్లో పిల్లలకు రిమోట్ అందనివ్వకండి. అదిరినప్పుడు తోక ముడిచి నక్కే కుక్కకు ఇది వద్దు. నేల మీద కాలితో తట్టినా, టార్చి వెలిగించి ఆర్పినా చాలా కుక్కలు చూస్తాయి.

రాత్రి కాలర్ తీసేసి, మెడ మీద వెంట్రుకలు పాయలు తీసి ఎర్రబడిందేమో చూడండి. బ్యాటరీ అయిపోయిన రోజు మీ పిలుపూ అందదు, లారీ హారనూ వినిపించదు. రోడ్డు దగ్గర తాడు వదలొద్దు. మామూలు బెల్టుకు "నాకు చెవులు వినిపించవు" అని రాసి, కింద ఫోన్ నంబరు ఉన్న బిళ్ల తగిలించండి.