లినక్స్‌లో వెబ్‌క్యామ్ బొమ్మ సరిగా రాకపోతే ఏం చేయాలి?

వెబ్‌క్యామ్ బొమ్మ తేడాగా రాగానే మనకు ముందు డ్రైవర్ మీదికే అనుమానం పోతుంది. డ్రైవర్ జోలికి వెళ్లేముందు రెండు నిమిషాలు ఆ బొమ్మనే చూడండి. తెర మొత్తం నల్లగా ఉందా? కింది సగం మాత్రమే ఆకుపచ్చగా ఉందా? అడ్డచారలు పైకీ కిందికీ పాకుతున్నాయా? చెయ్యి ఊపితే వెనకాలే మసక తోకలా వస్తోందా? ఒక్కో తేడాకు ఒక్కో కారణం ఉంటుంది. అది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

డ్రైవర్ గురించి ఎక్కువ టెన్షన్ ఎందుకు వద్దంటానంటే, యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లు చాలావరకు యూవీసీ అనే ఒకే ప్రమాణాన్ని పాటిస్తాయి. దానికి కావలసిన డ్రైవర్ 2008లో వచ్చిన 2.6.26 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే ఉంది. దాని పేరు యూవీసీవీడియో. విడిగా ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు.

ముందు మీటింగ్ యాప్ మూసేయండి

తప్పు కెమెరాదా, యాప్‌దా అన్నది మొదట తేల్చుకోవాలి. మీటింగ్ యాప్‌నూ బ్రౌజర్‌నూ పూర్తిగా మూసేసి, జీయూవీసీవ్యూ (guvcview) అనే చిన్న ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసుకోండి. డెబియన్, ఉబుంటులలో ఇది నేరుగా దొరుకుతుంది. బొమ్మ చూపించడంతో పాటు కెమెరా లోపలి సెట్టింగ్‌లన్నీ ఒకేచోట పెడుతుంది కాబట్టి మామూలు కెమెరా యాప్‌ల కన్నా ఇదే నాకు ఇష్టం.

ఇందులో బొమ్మ చక్కగా వస్తే కెమెరా బాగానే ఉంది. అప్పుడు బ్రౌజర్‌లో ఆ సైట్‌కు కెమెరా అనుమతి ఉందో లేదో చూడండి. యాప్ ఫ్లాట్‌పాక్ లేదా స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో ఉంటే దానికి విడిగా కెమెరా పర్మిషన్ ఇవ్వాల్సి రావచ్చు.

ఇంకొకటి, మామూలుగా ఒక కెమెరా నుంచి ఒకసారి ఒక్క ప్రోగ్రామే వీడియో తీసుకోగలదు. వెనకాల మరిచిపోయిన బ్రౌజర్ ట్యాబ్ కెమెరాను పట్టుకుని కూర్చుంటే కొత్త యాప్‌లో నల్లతెరే వస్తుంది. ఎవరు పట్టుకున్నారో చూడాలంటే టెర్మినల్‌లో ‘fuser -v /dev/video0’ అని ఇవ్వండి. ఇక్కడ చెప్పే కమాండ్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలతోనే టైప్ చేయాలి.

నల్లతెర, లేదా కెమెరానే కనిపించకపోవడం

ముందుగా లెన్స్ మీద జరిపే మూత ఉందేమో, కీబోర్డు మీద కెమెరా ఆపే బటన్ ఉందేమో చూసుకోండి. ఆ తర్వాత ‘lsusb’ కమాండ్ ఇచ్చి, వచ్చిన జాబితాలో కెమెరా పేరు వెతకండి. పేరే లేకపోతే సెట్టింగ్‌లు ఎన్ని మార్చినా లాభం లేదు. కేబుల్, పోర్టు మార్చి చూడాలి. హబ్ మధ్యలో ఉంటే తీసేసి నేరుగా పెట్టాలి. అయితే కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో కెమెరా యూఎస్‌బీ ద్వారా కాకుండా మిపీ అనే వేరే దారిలో ప్రాసెసర్‌కు కలుస్తుంది. అలాంటివి ఈ జాబితాలో ఉండవు, యూవీసీ డ్రైవర్‌తో పనిచేయవు. వాటికి లిబ్‌క్యామెరా అనే సాఫ్ట్‌వేర్ మద్దతు, కొత్త కెర్నెల్ కావాలి.

పేరు ఉండి కూడా నల్లగానే ఉంటే, యాప్ తప్పు దారి ఎంచుకుందేమో చూడండి. ఒక్క కెమెరా పెట్టినా వీడియో0, వీడియో1 అని రెండు పేర్లు కనిపించడం మామూలే. మొదటిది బొమ్మకు, రెండోది బొమ్మతో పాటు వచ్చే మెటాడేటాకు, అంటే బొమ్మ గురించిన వివరాలకు. రెండోదాన్ని ఎంచుకుంటే ఎంతసేపు చూసినా ఏమీ రాదు. ముఖం చూసి లాగిన్ అయ్యే ల్యాప్‌టాప్‌లలో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా కూడా ఉంటుంది. బొమ్మ రంగు లేకుండా బూడిదగా వస్తుంటే మీరు చూస్తున్నది దాన్నే కావచ్చు. యాప్ సెట్టింగ్‌లలో కెమెరా పేరు మార్చి చూస్తే తేలిపోతుంది.

ఆకుపచ్చ తెర, చిరిగిన బొమ్మ

ఇది చూసి కెమెరా కాలిపోయిందని భయపడేవాళ్లున్నారు. అసలు సంగతి వేరు. వెబ్‌క్యామ్‌లు రంగును వెలుగు ఒక అంకెగా, రంగు తేడాలు రెండు అంకెలుగా లెక్కపెడతాయి. ఈ పద్ధతిలో అన్నీ సున్నాలైతే వచ్చేది నలుపు కాదు, ముదురు ఆకుపచ్చ. అంటే తెరలో ఎక్కడ ఆకుపచ్చ ఉందో అక్కడికి డేటా చేరలేదని అర్థం.

డేటా ఎందుకు చేరదు? లెక్క చూడండి. కుదించకుండా పంపే వైయూవైవీ పద్ధతిలో ఒక్కో చుక్కకు (పిక్సెల్‌కు) 2 బైట్లు పడతాయి. 1280 × 720 సైజులో ఒక్క ఫ్రేమ్‌కు, అంటే వీడియోలోని ఒక్క బొమ్మకు, సుమారు 18 లక్షల 43 వేల బైట్లు. సెకనుకు 30 ఫ్రేములంటే 5 కోట్ల 53 లక్షలు. యూఎస్‌బీ 2.0లో ఒక కెమెరా ఇలా ఆగకుండా పంపడానికి దొరికే దారి సెకనుకు 2 కోట్ల 46 లక్షల బైట్లు దాటదు. అందుకే ఈ సైజులో చాలా కెమెరాలు వైయూవైవీలో 10 ఫ్రేములే ఇస్తాయి. హబ్ మీద ఇంకో కెమెరానో మైకో ఉంటే ఆ దారి ఇంకా ఇరుకవుతుంది.

కాబట్టి జీయూవీసీవ్యూలో వీడియో కంట్రోల్స్ ట్యాబ్‌కు వెళ్లి, కెమెరా అవుట్‌పుట్ దగ్గర వైయూవైవీ బదులు ఎంజేపీజీ ఎంచుకోండి. ఇందులో ప్రతి ఫ్రేమూ కెమెరాలోనే కుదించబడి వస్తుంది కాబట్టి డేటా బాగా తగ్గుతుంది. చాలాసార్లు ఈ ఒక్క మార్పుతోనే బొమ్మ కుదురుకుంటుంది. ఇంకా చిరుగుతుంటే రిజల్యూషన్ 640 × 480కి దించండి. రెండు కెమెరాలుంటే ఒకే హబ్‌కు తగిలించకుండా వేర్వేరు పోర్టుల్లో పెట్టండి.

రెండో కెమెరా ఆన్ చేసినప్పుడు ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ అని మెసేజ్ వస్తే డిస్క్ నిండిందనుకుని ఫైళ్లు తీసేయకండి! అది యూఎస్‌బీ దారిలో చోటు లేదని చెప్పడమే. కొన్ని కెమెరాలు అవసరానికి మించి చోటు అడుగుతాయి. అప్పుడు కెమెరా వాడుతున్న యాప్‌లన్నీ మూసేసి, ‘sudo modprobe -r uvcvideo’, ఆ వెంటనే ‘sudo modprobe uvcvideo quirks=128’ అని ఇస్తే, కుదించని వీడియోకు ఎంత చోటు కావాలో డ్రైవరే లెక్కకడుతుంది. రీస్టార్ట్ చేస్తే ఇది పోతుంది కాబట్టి ధైర్యంగా ప్రయత్నించవచ్చు.

చీకటి, నత్తనడక, మినుకు మినుకు

ఈ మూడూ వెలుగుకు సంబంధించినవే. గదిలో వెలుగు తక్కువైతే కెమెరా ఒక్కో ఫ్రేమ్‌ను ఎక్కువసేపు తీస్తుంది. దాంతో 30 ఫ్రేములు 15కో 10కో పడిపోయి, కదిలినప్పుడల్లా తోక వస్తుంది. జీయూవీసీవ్యూలోని ఇమేజ్ కంట్రోల్స్ ట్యాబ్‌లో ఎక్స్‌పోజర్ డైనమిక్ ఫ్రేమ్‌రేట్ అని ఉంటుంది, పాత వెర్షన్లలో దీని పేరు ఎక్స్‌పోజర్ ఆటో ప్రయారిటీ. దాన్ని ఆపేస్తే వేగం నిలబడుతుంది కానీ బొమ్మ కాస్త చీకటిగా మారుతుంది. గెయిన్ పెంచితే వెలుగు పెరుగుతుంది, దానితోపాటు గింజలు గింజలుగా చుక్కలూ పెరుగుతాయి. నన్నడిగితే సెట్టింగ్‌ల కంటే ముఖం ముందు ఒక దీపం పెట్టడమే మంచి వైద్యం. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మాత్రం ఏ సెట్టింగూ కాపాడదు.

అడ్డచారలు పాకుతుంటే అదే ట్యాబ్‌లో పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ చూడండి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట బల్బు వెలుగు సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ ఉన్నచోట 120 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. మీ దగ్గర ఉన్న కరెంటుకు తగ్గట్టు 50 లేదా 60 ఎంచుకోండి. ఎక్స్‌పోజర్ (ఒక్కో ఫ్రేమ్ తీసే సమయం) చేత్తో పెట్టేవాళ్లకు ఒక కిటుకు: అక్కడ ఒక అంకె అంటే సెకనులో పదివేల వంతు. 50 హెర్ట్జ్ కరెంటులో 100, 200, 300 లాంటి విలువలు పెడితే చారలు పోతాయి.

తలకిందుల బొమ్మ

మీ ముఖం కుడి ఎడమలు మారి కనిపిస్తే కంగారు వద్దు. మీటింగ్ యాప్‌లు మనకు మాత్రమే అద్దంలోలా చూపిస్తాయి, అవతలివాళ్లకు సరిగానే కనిపిస్తుంది. నిజంగా తలకిందులుగా ఉంటే, ల్యాప్‌టాప్ తయారీలోనే కెమెరాను తిరగేసి బిగించి ఉండవచ్చు. ఓబీఎస్ స్టూడియో అనే వీడియో ప్రోగ్రామ్‌లో బొమ్మను తిప్పి, వర్చువల్ కెమెరా ద్వారా మీటింగ్‌కు పంపడం తేలికైన దారి. దానికి వీ4ఎల్2లూప్‌బ్యాక్ (v4l2loopback) అనే కెర్నెల్ మాడ్యూల్ కూడా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

సరిచేసిన సెట్టింగ్‌లు మళ్లీ పోతే

చాలా కెమెరాలు కేబుల్ పీకగానే సెట్టింగ్‌లన్నీ మరిచిపోతాయి. అందుకే బొమ్మ బాగా వచ్చినప్పుడే జీయూవీసీవ్యూలో ఆ సెట్టింగ్‌లను ఒక ప్రొఫైల్‌గా సేవ్ చేసుకోండి. తర్వాత లోడ్ చేస్తే చాలు. సరిచేసేటప్పుడు కూడా ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

ఇవన్నీ అయ్యాక కూడా కుదరకపోతే టెర్మినల్‌లో కెర్నెల్ మెసేజ్‌లు చూపించే ‘sudo journalctl -k -f’ ఇచ్చి, ఆ టెర్మినల్ తెరిచి ఉంచి కెమెరా పీకి మళ్లీ పెట్టండి. కెమెరా ముట్టుకోకుండానే యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అన్న వరుసలు పదే పదే వస్తుంటే తప్పు కేబుల్‌లోనో పోర్టులోనో ఉంది. అదే కెమెరాను వేరే కంప్యూటర్‌కు పెట్టి చూడండి. అక్కడా అవే వరుసలు, అదే బొమ్మ వస్తే కెమెరా మార్చాల్సిందే.