తంగేడు కొమ్మ నుంచి జకార్డు అంచు వరకు

పట్టుచీర అంచుకు తంగేడు పూల డిజైను వేయాలనుకునేవారు పెన్సిలు పట్టుకునే ముందే మగ్గం దగ్గరికి వెళ్లి మూడు సంగతులు రాసుకోవాలి. జకార్డుకు (డిజైను ప్రకారం పోగులను లేపే మగ్గం యంత్రానికి) పోగులను లేపే హుక్కులు ఎన్ని ఉన్నాయి, అంగుళానికి ఎన్ని పడుగు (నిలువు) పోగులున్నాయి, అంగుళానికి ఎన్ని పేకలు (అడ్డ దారాలు) పడతాయి అన్నవే ఆ మూడు. 240 హుక్కుల జకార్డు, అంగుళానికి 80 పడుగు పోగులు, హుక్కుకు ఒక్కో పోగు అనుకుంటే డిజైను వెడల్పు సరిగ్గా 3 అంగుళాలు వస్తుంది. హుక్కుకు రెండేసి పోగులు కడితే వెడల్పు 6 అంగుళాలకు పెరుగుతుంది కానీ, రేకు అంచులు ముతకగా, మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. సన్నని రేకులున్న పువ్వుకు మొదటి పద్ధతే మేలని నా అభిప్రాయం.

ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డ్ 1804లో రూపొందించిన యంత్రం పనితీరు తెలిస్తే ఈ లెక్కలు ఎందుకో అర్థమవుతుంది. రంధ్రాలు కొట్టిన అట్ట సూదుల మీదికి వచ్చి నొక్కినప్పుడు, రంధ్రం ఉన్న చోట సూది లోపలికి దూరుతుంది కనుక దాని హుక్కు పైకి లేచి తన పోగును లేపుతుంది. రంధ్రం లేని చోట సూది వెనక్కి జరిగి హుక్కు కిందే ఉండిపోతుంది. గ్రాఫు (డిజైను గీసే గళ్ల కాగితం) మీద ఒక్కో అడ్డ వరుసకు ఒక్కో అట్ట కావాలి. కాబట్టి డిజైను పొడవు పెరిగిన కొద్దీ అట్టల ఖర్చు, పని రెండూ పెరుగుతాయి.

ఇక కొమ్మను ఎదురుగా పెట్టుకుని గీయాలి. తెలంగాణ రాష్ట్ర పుష్పమై, బతుకమ్మలో పేర్చే ఈ పువ్వుకు అయిదు పసుపు రేకులు, వాటి మీద స్పష్టమైన ఈనెలు, ఒక పక్కకు వంగిన కేసరాలు, కాడకు అటూ ఇటూ జంటలు జంటలుగా చిన్న ఆకులు ఉంటాయి. ఇవన్నీ 3 అంగుళాల అంచులో పట్టవు. కేసరాలను ఒక్కో పోగు వెడల్పుతో వేస్తే దూరానికి తెగిన గీతల్లా కనిపిస్తాయి కాబట్టి వాటిని వదిలేసి, రేకుల అలల అంచును, ఆకుల జంటలను, పలచని చదునైన కాయను ఉంచుకోవడం మంచిది. ఆకుల వరుస అంచు పొడవునా సాగడానికి స్వతహాగా ఒదుగుతుంది. ఫొటోను నేరుగా కంప్యూటరులో గళ్లుగా మార్చినవారు నీడల వల్ల వచ్చిన ఒంటరి చుక్కలన్నిటినీ తీసేయాలి. అవి గుడ్డ మీద నేత తప్పుల్లాగే కనిపిస్తాయి.

గ్రాఫు విషయంలో చాలామంది కొత్తవారు ఏమరుతారు. అంగుళానికి 80 పడుగు పోగులు, పువ్వును వేసే డిజైను పేకలు 60 ఉన్నప్పుడు, అంగుళం వెడల్పు, అంగుళం ఎత్తు ఉన్న పువ్వుకు 80 నిలువు గళ్లు, 60 అడ్డ వరుసలు కావాలి. సమ చతురస్రపు గళ్ల మీద గుండ్రంగా గీస్తే నేతలో పువ్వు నిలువుగా సాగిపోతుంది. అందుకని అడ్డంగా 8, నిలువుగా 6 గళ్లుగా విభజించిన చతురస్రాలుండే కాగితం తీసుకుని, దాని మీద గుండ్రంగానే గీయాలి.

రేకు వంపు నునుపుగా రావాలంటే అంచున ఒక్కో మెట్టు మీద ఎన్ని గళ్లు నిండుతున్నాయో లెక్కపెట్టాలి. రేకు పైభాగం నుంచి పక్కకు దిగేటప్పుడు 6, 4, 3, 2, 1, 1 అన్నట్టు క్రమంగా తగ్గితే కన్ను దాన్ని వంపుగా చూస్తుంది. 6, 1, 4 అని పడితే ఎంత సన్నని పట్టు వాడినా అంచు కొరికినట్టుంటుంది.

అన్నిటికన్నా శ్రద్ధ అవసరమైంది రేకు లోపలి భాగం. అదనపు పేకతో (గుడ్డను నేసే పేకకు తోడుగా, పువ్వు కోసమే వేసే దారంతో) వేసే పువ్వులో రేకు 30 పోగుల వెడల్పుంటే, పసుపు పట్టు ఎక్కడా పడుగుతో ముడిపడకుండా మూడెనిమిదో వంతు అంగుళం దూరం తేలుతుంది. గాజులకు, ఉంగరాలకు తగులుకుని లేచిపోతుంది. అందుకని మధ్యమధ్య పడుగు పోగును పైకి తెచ్చి పేకను కట్టాలి. ఈ కట్లను ఎక్కడపడితే అక్కడ వేయకుండా రేకు ఈనెల దారిలోనే పెడితే, గుడ్డకు బలాన్నిచ్చే చుక్కలే పువ్వుకు ఈనెలవుతాయి, వాటికి వేరే రంగు అక్కర్లేదు. ప్రకృతి నుంచి తీసిన డిజైనుకు జకార్డు ఇచ్చే గొప్ప వరం ఇదేనని నేను నమ్ముతాను. ఈనెలు లేని వెడల్పు చోట్ల 8 పోగుల సాటిన్ క్రమం (కట్లను చెదురుగా వేసే పద్ధతి) వాడాలి. వరుసకు మూడేసి గళ్లు జరుపుతూ 1, 4, 7, 2, 5, 8, 3, 6 స్థానాల్లో కట్లు వేస్తే అవి ఒకదాని పక్కన ఒకటి చేరవు, ఏటవాలు గీతలు పడవు.

అట్టలు కొట్టేముందు చీర ముఖం పైకి ఉండేలా నేస్తారా, కిందికి ఉండేలా నేస్తారా అని నేతపనివారినే అడగాలి. ముఖం కిందికి ఉంటే పువ్వు ఉన్న చోటి పోగులే లేస్తాయి, మగ్గం తొక్కడం తేలికవుతుంది. కానీ పైనుంచి చూస్తే డిజైను ఎడమ కుడులు తారుమారవుతాయి. ఒక పక్కకు వంగే కొమ్మకు ఇది ముఖ్యం.

రంగును నేసిన ముక్క మీదే నిర్ణయించుకోవాలి. ఆకుపచ్చ పడుగు మీద పసుపు పేక, కట్లు ఎక్కువైన చోట ఆకుపచ్చ ఛాయ పడి వెలిసినట్టు కనిపిస్తుంది, కాబట్టి దారం కండెలో కనిపించే దానికన్నా ఒక ఛాయ ముదురు పసుపు ఎంచుకోవాలి. కొన్ని అంగుళాల మేర నమూనా నేయించి, గోడకు వేలాడదీసి, నాలుగడుగుల దూరం నుంచి ఒకసారి, చేతిలోకి తీసుకుని వెనక వైపు ఒకసారి చూడాలి. ఎక్కడైనా పోగు వదులుగా తేలితే గ్రాఫులో ఆ వరుసలను సరిచేసి, ఆ సంఖ్యలున్న అట్టలను మాత్రమే మళ్లీ కొట్టించవచ్చు. అట్టలన్నిటి మీదా మొదటినుంచే వరుస సంఖ్యలు రాయించడం ఇందుకే.