హాస్టల్ పిల్లల ఓటు, అడ్రస్ ప్రూఫ్ గొడవ ఇలా తీరింది

మా హాస్టల్లో ఫస్టియర్ వాళ్లకి ఫామ్ 6 (కొత్తగా ఓటు నమోదుకి పెట్టే అప్లికేషన్) నింపిస్తుంటే అందరూ ఒక్క దగ్గరే ఆగిపోయారు, ఆధార్‌లో సొంతూరి అడ్రస్, చదివేదేమో ఇక్కడ, హాస్టల్ కరెంటు బిల్లు వీళ్ల పేరున ఎందుకుంటుంది అసలు. తీరా చూస్తే స్టూడెంట్స్‌కి వేరే దారే ఉంది, ప్రిన్సిపాలో రిజిస్ట్రారో సంతకం పెట్టిన డిక్లరేషన్ జత చేస్తే హాస్టల్ అడ్రస్ మీదే అప్లై చేయొచ్చు. అందరివీ కలిపి ఒకేసారి సంతకాలు చేయించేశా, పని అయిపోయింది.

ఊళ్లో ఆల్రెడీ ఓటున్నవాళ్లు మాత్రం ఫామ్ 6 జోలికెళ్లకండి, మార్చుకోడానికి ఫామ్ 8, రెండు చోట్ల ఉండకూడదు. 17 దాటితే చాలు ముందే పెట్టుకోవచ్చు, జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ 1వ తేదీల్లో దేనికి 18 నిండితే దాని లెక్కన కలుపుతారు. ఇంకోటి, కార్డుందని ధీమా వద్దు, లిస్టులో పేరు లేకపోతే ఓటు వెయ్యనివ్వరు.