రికార్డింగ్ ఆపేముందు ఈఓఎస్ పంపండి

భీమవరం దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద కెమెరా పెట్టి, జీస్ట్రీమర్ అనే మీడియా సాఫ్ట్‌వేర్‌తో గంటకో ఎంపీ4 ఫైల్ రాయించేవాణ్ణి. గంట అవగానే ప్రాసెస్‌ని చంపేసేవాణ్ణి. ఫైల్ సైజు బాగానే కనిపించేది, వీడియో మాత్రం తెరుచుకునేది కాదు! ఎంపీ4 ఇండెక్స్‌ని (ఫైల్లో ఏది ఎక్కడుందో చెప్పే పట్టికని) మక్సర్, అంటే వీడియో, ఆడియోలని ఒకే ఫైల్లో పేర్చే భాగం, మామూలుగా చివర్లో, ఈఓఎస్ (ఎండ్ ఆఫ్ స్ట్రీమ్, ‘ఇక డేటా రాదు’ అనే సంకేతం) అందాకే రాస్తుంది మరి.

ధవళేశ్వరంలో తలుపులు దించినా, కాలువలో ఉన్న నీళ్లు శివారు చేలకి వస్తూనే ఉంటాయి కదా. ఈఓఎస్ కూడా అంతే, ముందున్న బఫర్ల (డేటా ముక్కల) వెనకే నడుస్తుంది. అందుకే పైప్‌లైన్‌కి (కెమెరా నుంచి ఫైల్ దాకా ఉన్న భాగాల వరుసకి) ఈఓఎస్ పంపి, బస్ మీద, అంటే పైప్‌లైన్ మన ప్రోగ్రామ్‌కి కబుర్లు పంపే దారిలో, ఈఓఎస్ మెసేజ్ వచ్చాకే దాన్ని నల్ స్టేట్‌కి (పూర్తిగా ఆగిన స్థితికి) మార్చండి. తర్వాతి గంట పని అప్పుడే మొదలుపెట్టండి. ఆడియో కొమ్మ కూడా ఉంటే దానికీ ఈఓఎస్ అందాలి, లేకపోతే మక్సర్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. జీఎస్టీ-లాంచ్ (జీస్ట్రీమర్ కమాండ్ లైన్ టూల్) వాడేవాళ్లు మైనస్-ఈ ఆప్షన్ ఇచ్చి, ఇంటరప్ట్ సిగ్నల్‌తో (కంట్రోల్-సి) ఆపితే చాలు.