కౌలాలంపూర్ (కేఎల్) నుంచి థాయ్‌లాండ్‌లోని హాట్‌యాయ్‌కి సొంత కారులో వెళ్తున్నారా, ముందు బండి కాగితాలు చూసుకోండి

మలేషియాలో ఉండే మనవాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే చాలు థాయ్‌లాండ్ డ్రైవ్ అంటారు, హోటల్ బుక్ చేస్తారు, వీసా చూసుకుంటారు, బండి సంగతి మాత్రం బోర్డర్ దగ్గరికెళ్ళాకే గుర్తొస్తుంది. అక్కడ మనిషి లెక్క వేరు, బండి లెక్క వేరు. మీ పాస్‌పోర్ట్‌లో స్టాంప్ పడింది కదా అని బండికి కూడా ఎంట్రీ అయిపోయినట్టు కాదు.

బండి ఒరిజినల్ గ్రాంట్, అంటే రిజిస్ట్రేషన్ కాగితం, దగ్గర పెట్టుకోండి. లోన్ ఉంటే బ్యాంక్ నుంచి ఏ లెటర్ కావాలో ముందే అడగండి. ఓనర్ మీతో రాకపోతే ఆయన ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ కావాలి, రెంటల్ కారైతే కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే అసలు బయల్దేరొద్దు. మలేషియా లైసెన్స్ అక్కడ చెల్లుతుంది, ఆసియాన్ దేశాల మధ్య 1985 ఒప్పందం ఉంది. ఇండియా లైసెన్స్ ఒక్కటే ఉన్నవాళ్ళు ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోండి.

థాయ్ డిజిటల్ అరైవల్ కార్డ్ 2025 మే 1 నుంచి తప్పనిసరి అయింది, వెళ్ళే ముందు 3 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, ఇది ఫ్రీ, డబ్బులడిగే సైట్ కనిపిస్తే క్లోజ్ చేసేయండి.

మలేషియా వైపు బోర్డర్ పోస్ట్ బుకిత్ కాయు హితామ్ కంటే ముందు చాంగ్లున్ అనే ఊరు వస్తుంది, అక్కడ ఆగండి. థాయ్ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అమ్మే షాపులుంటాయి, బండికి టీఎం2, లోపలున్న వాళ్ళకి టీఎం3 ఫారాలు కూడా కొంచెం ఫీజు తీసుకుని వాళ్ళే టైప్ చేసిస్తారు, పేర్లూ పాస్‌పోర్ట్ నంబర్లూ మీరు ఒకసారి సరిచూసుకోండి.

అవతల థాయ్ వైపు బోర్డర్ పోస్ట్ సదావ్‌లో ఇమిగ్రేషన్ అయ్యాక చాలామంది నేరుగా రోడ్డెక్కేస్తారు, అలా చెయ్యకండి దయచేసి, కస్టమ్స్ కౌంటర్‌కి వెళ్ళి బండికి టెంపరరీ ఇంపోర్ట్ కాగితం తీసుకోవాలి. దాని మీద బండి ఏ తేదీలోపు వెనక్కి వెళ్ళాలో ఉంటుంది, ఫోటో తీసి పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఆ కాగితం కస్టమ్స్‌లో అప్పగించాలి, ఆలస్యమైతే రోజుల లెక్కన ఫైన్ పడుతుంది.

సదావ్ నుంచి హాట్‌యాయ్ గంట లోపే, మంచి రోడ్డు, మనలాగే ఎడమ పక్కే డ్రైవింగ్. పెట్రోల్ బంక్‌లో గ్యాసోహాల్ 95 (ఇథనాల్ కలిపిన పెట్రోల్) అని చెప్పండి, ఇథనాల్ బాగా ఎక్కువుండే ఈ85 మాత్రం మామూలు ఇంజిన్‌లో పోయించొద్దు. వేప్ (ఈ-సిగరెట్) ఉంటే ఇంట్లోనే వదిలెయ్యండి, అక్కడ నిషేధం.

తూర్పు వైపు ఇంకో బోర్డర్, మలేషియాలోని రంతౌ పంజాంగ్ నుంచి థాయ్‌లాండ్‌లోని సుంగాయ్ కోలోక్ దారి మ్యాప్‌లో దగ్గరగా కనిపించినా నేనైతే ఫ్యామిలీతో వెళ్ళమని చెప్పను, నరాథివాత్, యాలా, పట్టాని వైపు 2004 నుంచి హింస నడుస్తోంది, ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా ఆ ప్రాంతానికి వర్తిస్తుందో లేదో చదివి చూడాలి.

థాయ్ టైమ్ మలేషియా కంటే గంట వెనక, తిరుగు ప్రయాణంలో రాత్రి గేటు టైమ్ లెక్కేసేటప్పుడు ఇది మర్చిపోకండి. సోంగ్‌క్రాన్ (థాయ్ కొత్త సంవత్సరం), హరి రాయ (ఈద్) సెలవుల్లో క్యూ చాలా పెద్దది ఉంటుంది, పిల్లలుంటే తెల్లవారుజామునే బోర్డర్ చేరండి.

ఇంకా పైకి లావోస్ దాకా వెళ్ళేవాళ్ళకి థాయ్ సరిహద్దు ఊరు నోంగ్‌ఖాయ్ దగ్గర 1994లో కట్టిన ఫ్రెండ్‌షిప్ బ్రిడ్జ్ ఉంది. బ్రిడ్జ్ మీద లావోస్ వైపు చివరికి వచ్చేసరికి ట్రాఫిక్ ఎడమ నుంచి కుడికి మారుతుంది, అక్కడ స్పీడ్ తగ్గించి ముందున్న బండి వెనకే వెళ్ళండి, లావోస్‌లో బండికి మళ్ళీ వేరే ఇన్సూరెన్స్ కొనాలి.